పరాయి ఊళ్లో మాట కలపడం
(రోజువారీ మాటల కోసం కొత్త భాషను త్వరగా నేర్చుకునే పద్ధతి)

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు

• రోజువారీ మాటలకు కొత్త భాష ఎంత అవసరమో అంచనా వేసుకోగలుగుతారు;
• తెలుగు ద్వారా మీకు ఇప్పటికే తెలిసిన హిందీ మాటలను గుర్తించగలుగుతారు;
• తెలుగువారు సాధారణంగా పొరబడే చోట్ల జాగ్రత్త పడగలుగుతారు;
• నాలుగు వారాల సాధనను మీ అంతట మీరే తయారు చేసుకోగలుగుతారు.

1. పరిచయం

ఒక తాపీ పనివాడు పాలమూరు జిల్లా నుంచి ముంబై దగ్గర ఒక కట్టడం పనికి వెళ్లాడనుకుందాం. గోడ కట్టడంలో అతనికి ఇరవై ఏళ్ల అనుభవం. కూలి మాట్లాడేటప్పుడు గుత్తేదారు "పౌనే ఛే సౌ" అన్నాడు. "ఛే సౌ" అంటే ఆరు వందలని అతనికి తెలుసు. ముందున్న "పౌనే" అనే మాటను పట్టించుకోలేదు. సరేనని తల ఊపాడు. నెలాఖరుకు 26 రోజుల కూలి చేతికి వచ్చింది. అతని లెక్క ప్రకారం 650 రూపాయలు తక్కువ. మోసం జరిగిందని గొడవ పడ్డాడు. గుత్తేదారుకు కోపం వచ్చింది. మరుసటి వారం పని పోయింది.

నిజానికి అక్కడ మోసం లేదు. "పౌనే ఛే సౌ" అంటే ఆరు వందలకు పావు వంద తక్కువ, అంటే 575. రోజుకు 25 రూపాయల తేడా 26 రోజులకు 650 అయింది. అతనికి పని రాక కాదు, ఒక్క మాట తెలియక నష్టపోయాడు. "పౌనే అంటే ఎంత?" అని ఆ రోజే అడగగలిగి ఉంటే ఆ పని నిలిచేది.

మనవాళ్లు బతుకుతెరువు కోసం ఎన్నో ఊళ్లకు వెళతారు. షోలాపూర్, భివండి, సూరత్ మగ్గాల దగ్గర తెలుగు వినిపిస్తుంది. శ్రీకాకుళం మత్స్యకారులు గుజరాత్ తీరంలో పడవల మీద పని చేస్తారు. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు అక్కడ బిహారు, నేపాల్, పాకిస్తాన్ దేశస్థులతో, ప్రాంతస్థులతో హిందీ ఉర్దూలు కలిసిన మాటల్లోనే పని నడుపుకుంటారు. అందుకే ఈ పాఠంలో హిందీని ఉదాహరణగా తీసుకున్నాం. మీరు వెళ్లేది చెన్నైకి అయితే తమిళం, బెంగళూరుకు అయితే కన్నడం నేర్చుకోవాలి. భాష మారినా పద్ధతి ఇదే.

2. ఎంత భాష కావాలి?

"భాష నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది కదా" అని మీరు అనవచ్చు. ఆ భాషలో నవలలు చదవడానికి, సభల్లో ప్రసంగించడానికి ఏళ్లే పడుతుంది. కాని కూరగాయలు కొనడానికి, బస్సు ఎక్కడానికి, జ్వరం వచ్చిందని చెప్పడానికి అంత భాష అక్కరలేదు.

ఒకప్పుడు ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ రంగంలో పనిచేసిన మైకేల్ వెస్ట్ అనే ఆయన ఇంగ్లీషు నేర్చుకునేవారి కోసం 1953లో ఒక పదాల పట్టిక ప్రచురించాడు. ఇంగ్లీషులో లక్షల మాటలున్నా ఆ పట్టికలో ఉన్నవి సుమారు 2,000 మాత్రమే. ఎక్కువసార్లు వాడే మాటలను ముందు నేర్చుకోవాలన్నది ఆయన ఆలోచన. మీరు ఇంకా చిన్నగా మొదలుపెట్టవచ్చు. మీకు ముందు కావలసింది మీ రోజుకు సరిపడే భాష.

ఒక కాగితం తీసుకోండి. పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే వరకు మీరు ఎవరెవరితో మాట్లాడతారో వరసగా రాయండి. పాలవాడు, పక్కింటివారు, మేస్త్రీ, దుకాణదారు, ఆటో డ్రైవరు, ఆసుపత్రి నర్సు. ఒక్కొక్కరి పేరు ఎదురుగా వారిని మీరు అడగవలసినవి మూడు, వారు మిమ్మల్ని అడిగేవి రెండు తెలుగులోనే రాయండి. ఎనిమిది మంది ఉంటే నలభై వాక్యాలు అవుతాయి. ఈ నలభై వాక్యాలే మీ మొదటి వాచకం. బజారులో దొరికే పుస్తకంలో "తోటలో నెమలి ఆడుతున్నది" వంటి వాక్యం ఉండవచ్చు. మీ పనికి అది ఇప్పుడు అక్కరలేదు. "రసీదు ఇవ్వండి" అనేది కావాలి.

3. మీ దగ్గర ఉన్న పెట్టుబడి

మీరు సున్నా నుంచి మొదలుపెడుతున్నామని అనుకోకండి. తెలుగు మాట్లాడే ప్రతివారి దగ్గర హిందీ మాటలు కొన్ని వందలు ఇప్పటికే ఉన్నాయి.

(అ) ఉర్దూ, పారశీకం ద్వారా వచ్చినవి: గోల్కొండ నవాబుల కాలం నుంచి, తరువాత నిజాం పాలనలో, కచేరీల ద్వారా, సంతల ద్వారా ఎన్నో మాటలు తెలుగులో కలిశాయి. ఇవి చూడండి:

బజారు – బాజార్
దుకాణం – దుకాన్
కిరాయి – కిరాయా
తారీఖు – తారీఖ్
రసీదు – రసీద్
జవాబు – జవాబ్
ఖర్చు – ఖర్చ్
సామాను – సామాన్
మరమ్మతు – మరమ్మత్
కుర్చీ – కుర్సీ

బాకీ, అర్జీ, దర్జీ వంటివైతే మార్పు లేకుండానే పనికివస్తాయి.

(ఆ) సంస్కృతం నుంచి రెండు భాషలకూ వచ్చినవి: సమయం – సమయ్, దేశం – దేశ్, నగరం – నగర్, కారణం – కారణ్, భోజనం – భోజన్, పరీక్ష – పరీక్షా, రోగి – రోగీ.

ఇక్కడ ఒక సూత్రం కనిపిస్తుంది. తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతోనో, "అం"తోనో ముగుస్తాయి. హిందీ మాటలు చాలా వరకు హల్లు దగ్గరే ఆగిపోతాయి. కాబట్టి చివరి "ఉ", "అం" తీసివేసి పలికి చూడండి. చాలాసార్లు ఎదుటివారికి అర్థమవుతుంది. మనవాళ్లు "కామ్"ను "కాము" అనీ, "సామాన్"ను "సామాను" అనీ అంటారు. అలవాటు మార్చుకోవలసింది అక్కడే.

(ఇ) వాక్యం కట్టే తీరు: ఇది అన్నిటికంటే పెద్ద పెట్టుబడి. ఈ ఐదు వాక్యాలను ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి.

తెలుగు: నాకు నీళ్లు కావాలి.
హిందీ: ముఝే పానీ చాహియే.
మరాఠీ: మలా పాణీ పాహిజే.
తమిళం: ఎనక్కు తణ్ణి వేణుం.
కన్నడం: ననగె నీరు బేకు.

మాటలు వేరైనా వరస ఒక్కటే. "నాకు" ముందు, వస్తువు మధ్య, "కావాలి" చివర. తెలుగు, తమిళ, కన్నడాలు ఒక కుటుంబం, హిందీ, మరాఠీలు మరో కుటుంబం అయినా, వేల ఏళ్లు పక్కపక్కన మెలగడం వల్ల కట్టుబడిలో దగ్గరయ్యాయి. ఎమెనో అనే భాషాశాస్త్రవేత్త 1956లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో భారతదేశాన్ని ఒకే "భాషా మండలం"గా వివరించాడు. అందువల్ల తెలుగులో ఆలోచించిన వరసలోనే హిందీ మాటలు పేర్చితే చాలా వాక్యాలు సరిగ్గానే వస్తాయి.

"నాకు ఈత వచ్చు" అంటాం. హిందీలోనూ "ముఝే తైర్నా ఆతా హై", అంటే "నాకు ఈత వస్తుంది" అనే అంటారు. "నా దగ్గర డబ్బు లేదు" అనడానికి "మేరే పాస్ పైసా నహీఁ హై". ఇవి మాటకు మాట సరిపోయే వాక్యాలు.

పాఠగత ప్రశ్నలు – 1

1. హిందీలో ఎలా పలుకుతారో చెప్పండి: దేశం, ఖర్చు, కిరాయి.
2. "నాకు రసీదు కావాలి" అనే వాక్యాన్ని హిందీలో చెప్పండి.

4. మాట ఒకటే, అర్థం వేరు

పెట్టుబడి ఉందని కళ్లు మూసుకుని ఖర్చు చేయకూడదు. కొన్ని మాటలు రెండు భాషల్లోనూ ఉన్నా అర్థం మారిపోతుంది. తరచుగా తగిలేవి ఇవి:

• శిక్షా – హిందీలో చదువు, విద్య. మన "శిక్ష" కాదు.
• అవసర్ – అవకాశం. మన "అవసరం"కు హిందీలో "జరూరత్" అనాలి.
• అవకాశ్ – సెలవు.
• వ్యవసాయ్ – వ్యాపారం, వృత్తి. మన వ్యవసాయానికి "ఖేతీ".
• ఉద్యోగ్ – పరిశ్రమ. మన ఉద్యోగానికి "నౌకరీ".
• అనుమాన్ – అంచనా. మన అనుమానానికి "శక్".
• ఉపన్యాస్ – నవల.
• ఖరీద్ – కొనుగోలు. ధరకు "దామ్" లేదా "కీమత్".
• కులీ – రైల్వే స్టేషనులో సామాను మోసే మనిషి. రోజు పనిచేసే మనిషి "మజ్దూర్", అతనికి ఇచ్చే కూలి "మజ్దూరీ".
• ముద్దయీ – ఫిర్యాదు చేసినవాడు. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు.

చివరి రెండు మాటలను మరోసారి చదవండి. కూలి డబ్బుల కోసం "మేరా కూలీ దో" అంటే ఎదుటివారికి "నా హమాలీని ఇవ్వు" అన్నట్లు వినిపిస్తుంది. "మేరీ మజ్దూరీ దీజియే" అనాలి. ఇక పోలీసు స్టేషనులో "ముద్దయీ కౌన్ హై?" అని అడిగితే ఫిర్యాదు ఎవరిదని అడుగుతున్నారు. మీరు ఫిర్యాదు చేయడానికి వెళ్లి, తెలుగు అర్థం పట్టుకుని "నేను కాదు" అంటే మీ ఫిర్యాదుకే దెబ్బ.

5. జాగ్రత్త పడవలసిన చోట్లు

(అ) అంకెలు

తెలుగులో "ఇరవై ఐదు" అంటే ఇరవై, ఐదు విడివిడిగా వినిపిస్తాయి. హిందీలో 25ను "పచ్చీస్" అంటారు. ఒకటి నుంచి నూరు వరకు చాలా అంకెలకు ఇలా ప్రత్యేకమైన రూపం ఉంది. అన్నీ ఒకేసారి రావు. ముందు 1 నుంచి 20 వరకు, తరువాత పదుల అంకెలు (తీస్, చాలీస్, పచాస్, సాఠ్, సత్తర్, అస్సీ, నబ్బే, సౌ) నేర్చుకోండి.

తరువాత భిన్నాలు. డబ్బు, గంటలు చెప్పేటప్పుడు ఇవి అడుగడుగునా వస్తాయి.

సవా – పావు ఎక్కువ. సవా సౌ = 125.
డేఢ్ – ఒకటిన్నర. డేఢ్ సౌ = 150.
ఢాయీ – రెండున్నర. ఢాయీ సౌ = 250.
సాఢే – (మూడు మొదలు ఆ పై అంకెలకు) అర ఎక్కువ. సాఢే తీన్ సౌ = 350.
పౌనే – పావు తక్కువ. పౌనే ఛే సౌ = 575.

ఇది మనకు వింత కాదు. "పావు తక్కువ తొమ్మిది" అని మనమూ అంటాం. "పౌనే నౌ" అన్నా అదే, అంటే 8 గంటల 45 నిమిషాలు.

"ఉన్"తో మొదలయ్యే అంకెల దగ్గర కూడా ఆగండి. "ఉన్" అంటే ఒకటి తక్కువ. ఉన్నీస్ 19, ఉన్తీస్ 29, ఉన్తాలీస్ 39, ఉన్చాస్ 49. చివర "తీస్" వినిపించింది కదా అని "ఉన్తీస్"ను ముప్పై పైన అంకె అనుకోకండి.

డబ్బు విషయంలో ఒక నియమం పెట్టుకోండి. విన్న అంకెను మీకు తెలిసిన పద్ధతిలో తిరిగి చెప్పండి: "మత్లబ్, పాఁచ్ సౌ పచహత్తర్, ఠీక్ హై?" (అంటే, ఐదు వందల డెబ్బై ఐదు, సరేనా?) అంతకూ చెప్పలేకపోతే "లిఖ్ కర్ దీజియే" (రాసి ఇవ్వండి) అనండి. కాగితం మీద అంకె అందరికీ ఒకటే.

(ఆ) ఒత్తులు

మాటల్లో మనం "భూమి"ని "బూమి" అన్నా ఎవరూ పొరబడరు. హిందీలో ఒత్తు పోతే అర్థం పోవచ్చు. "ఖానా" అంటే భోజనం, "కానా" అంటే ఒంటికన్ను మనిషి. "బాత్" అంటే మాట, "భాత్" అంటే అన్నం. "సాత్" ఏడు, "సాఠ్" అరవై, "సాథ్" తోడు. నోటి ముందు అరచెయ్యి పెట్టుకుని పలకండి. ఒత్తక్షరానికి గాలి చేతికి తగలాలి.

(ఇ) ఆడ, మగ తేడా

తెలుగులో "నేను వెళుతున్నాను" అని ఆడవారూ మగవారూ ఒకేలా అంటారు. హిందీలో మగవారు "మైఁ జాతా హూఁ" అంటే, ఆడవారు "మైఁ జాతీ హూఁ" అనాలి. మగవారి మాటలే ఎక్కువగా వినే చోట హిందీ నేర్చుకున్న స్త్రీలు "జాతా హూఁ" అనే అంటుంటారు. అందుకే స్త్రీలు స్త్రీల దగ్గర, పురుషులు పురుషుల దగ్గర వాక్యాలు విని రాసుకోవడం మేలు.

వస్తువులకు కూడా హిందీలో ఆడ, మగ తేడా ఉంది. రోటీ, గాడీ, కితాబ్ స్త్రీలింగం. పానీ పుంలింగం. ఇది వినగా వినగా వస్తుంది. తప్పు పలికినా మీ మాట అర్థమవుతుంది. దీనికోసం నోరు మూసుకుని కూర్చోకండి.

(ఈ) మర్యాద

మనకు "నువ్వు", "మీరు" ఉన్నట్లు హిందీలో "తూ", "తుమ్", "ఆప్" మూడు ఉన్నాయి. పని చోట "తూ", "తుమ్" ఎక్కువగా వినిపిస్తాయి. విన్నది విన్నట్లు నర్సుతోనో, బ్యాంకు గుమాస్తాతోనో "తూ" అంటే అమర్యాద. కొత్తవారితో ఎప్పుడూ "ఆప్" అనండి. క్రియ చివర "ఇయే" చేర్చండి: దీజియే (ఇవ్వండి), బోలియే (చెప్పండి), రుకియే (ఆగండి). మర్యాద ఎక్కువైనందువల్ల నష్టం లేదు.

హైదరాబాదు దక్కనీ వచ్చినవారికి సగం దారి నడిచినట్లే. "నక్కో", "కైకూ", "హౌ" వంటి మాటలు మాత్రం ఉత్తరాదిన అలవాటు లేనివి. అక్కడ "నహీఁ", "క్యోఁ", "హాఁ" అనండి.

(ఉ) నిన్నా రేపూ

హిందీలో "కల్" అంటే నిన్న కూడా, రేపు కూడా. "పర్సోఁ" అంటే మొన్న, ఎల్లుండి రెండూ. తేడా వాక్యం చివరనున్న క్రియలో ఉంటుంది. "కల్ పైసా మిలా థా" – నిన్న డబ్బు అందింది. "కల్ పైసా మిలేగా" – రేపు అందుతుంది. కాబట్టి వాక్యం చివరి వరకు వినండి. సందేహం ఉంటే తారీఖు అడగండి: "కౌన్సీ తారీఖ్?"

పాఠగత ప్రశ్నలు – 2

3. ఢాయీ సౌ, సాఢే చార్ సౌ, పౌనే దో సౌ – ఇవి ఎంతెంత?
4. "మజ్దూరీ పర్సోఁ మిలేగీ" అంటే డబ్బు ఎప్పుడు వస్తుంది?

6. వాక్యాల చట్రాలు

విడి మాటలు బట్టీ పడితే అవసరానికి నోట రావు. ఒక వాక్యాన్ని చట్రంగా నేర్చుకుని, అందులో మాట మారుస్తూ పోతే ఒక్క వాక్యం ఇరవై వాక్యాలవుతుంది. ఖాళీలో మీ మాట పెట్టుకోండి.

1. ముఝే ...... చాహియే. (నాకు ...... కావాలి.) పానీ, దవా, ఛుట్టీ
2. ...... కహాఁ హై? (...... ఎక్కడ?) అస్పతాల్, బస్ అడ్డా
3. యహ్ కిత్నే కా హై? (ఇది ఎంత?)
4. మేరే పాస్ ...... నహీఁ హై. (నా దగ్గర ...... లేదు.)
5. ముఝే ...... ఆతా హై. (నాకు ...... వచ్చు.) ప్లాస్టర్ కర్నా, గాడీ చలానా
6. మేరే ...... మేఁ దర్ద్ హై. (నాకు ...... నొప్పిగా ఉంది.) సిర్, పేట్, పైర్
7. మైఁ ...... సే ఆయా హూఁ (మగవారు), ఆయీ హూఁ (ఆడవారు). (నేను ...... నుంచి వచ్చాను.)

జరిగిపోయిన పనులు చెప్పేటప్పుడు కొన్ని వాక్యాల్లో "నే" చేరుతుంది: "మైఁనే కామ్ కియా" (నేను పని చేశాను), "మైఁనే ఖానా ఖాయా" (నేను భోజనం చేశాను). దీని వెనుక వ్యాకరణం పెద్దది. ఇప్పటికి ఈ రెండు వాక్యాలను ఉన్నవి ఉన్నట్లు పట్టుకోండి.

వీటికంటే ముందు నేర్చుకోవలసినవి మరో నాలుగు ఉన్నాయి. మిగిలిన భాషను మీకు తెచ్చిపెట్టేవి ఇవే.

• ధీరే బోలియే. (నెమ్మదిగా చెప్పండి.)
• ఫిర్ సే బోలియే. (మళ్లీ చెప్పండి.)
• ఇస్కా మత్లబ్ క్యా హై? (దీని అర్థం ఏమిటి?)
• ఇస్కో హిందీ మేఁ క్యా కహ్తే హైఁ? (దీన్ని హిందీలో ఏమంటారు?)

ఈ నాలుగూ వస్తే మీరు కలిసే ప్రతి మనిషీ మీకు గురువే. పారను చూపించి నాలుగో వాక్యం అడగండి. "ఫావ్‌డా" అని చెబుతారు. ఆ మాటను ఇక మరచిపోరు.

7. నాలుగు వారాల సాధన

హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లో జ్ఞాపకశక్తి మీద తన పరిశీలనలు ప్రకటించాడు. కొత్తగా బట్టీ పట్టినదాన్ని మొదటి కొద్ది గంటల్లో, మొదటి రోజులోనే ఎక్కువగా మరచిపోతామనీ, తరువాత మరుపు నెమ్మదిస్తుందనీ ఆయన గమనించాడు. దీని నుంచి మనం తీసుకోవలసింది ఒకటి ఉంది. ఆదివారం మూడు గంటలు కూర్చునే బదులు రోజూ అరగంట చదవండి. నేర్చుకున్నదాన్ని అదే రోజు రాత్రి, మర్నాడు, మూడు రోజుల తరువాత, వారం తరువాత మళ్లీ చెప్పుకోండి.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. పేజీని మధ్యకు మడవండి. ఎడమ పక్క తెలుగు వాక్యం, కుడి పక్క హిందీ వాక్యం తెలుగు లిపిలోనే రాయండి. కుడి పక్కను చేత్తో మూసి, ఎడమ పక్క చూసి పైకి చెప్పండి. రానిదాని పక్కన గుర్తు పెట్టండి. అది రేపటి పాఠం. ఫోను ఉంటే మీ మాట రికార్డు చేసుకుని వినండి.

మొదటి వారం: సాయపడే నాలుగు వాక్యాలు, పలకరింపులు, 1 నుంచి 20 వరకు అంకెలు.
రెండో వారం: ఏడు చట్రాలు, ఒక్కో చట్రానికి ఐదు మాటలు. పదుల అంకెలు.
మూడో వారం: మీరు రాసుకున్న నలభై వాక్యాలు. హిందీ వచ్చిన తెలుగువారి చేత దిద్దించుకోండి. భిన్నాలు.
నాలుగో వారం: రోజుకు ఒక పని పూర్తిగా హిందీలోనే. ఒక రోజు కూరగాయల బేరం, ఒక రోజు బస్సు టికెట్టు, ఒక రోజు పక్కింటివారితో పది నిమిషాల మాట.

నెల చివర మీరు పండితులు కారు. వేగంగా మాట్లాడితే సగం అర్థం కాదు. కాని ఆపి అడగగలుగుతారు. ఆ తరువాత భాష మీ పనితో పాటే పెరుగుతుంది.

8. సిగ్గు సంగతి

పెద్దవాళ్లకు భాష రాదనీ, పిల్లలకే వస్తుందనీ అంటారు. పిల్లలు తప్పుకు భయపడరు. గల్లీలో ఆడుతూ రోజంతా మాట్లాడతారు. పెద్దవాళ్లు పూర్తిగా వచ్చాక మాట్లాడదామని ఆగుతారు. మాట్లాడకుండా రాదు కనుక ఆ రోజు రాదు.

వలస వెళ్లిన కుటుంబాల్లో అమ్మ ఆసుపత్రికి వెళితే పదేళ్ల కొడుకు వెంట వెళ్లి అనువాదం చేయడం మామూలు. కాని స్త్రీలకు సంబంధించిన బాధను కొడుకు ముందు చెప్పడానికి తల్లికి నోరు రాదు. "కడుపునొప్పి" అని చెప్పించి ఊరుకుంటుంది. డాక్టరు కడుపునొప్పికే మందు ఇస్తాడు. ఆమెకు కావలసింది నాలుగైదు వాక్యాలే: "ముఝే లేడీ డాక్టర్ సే మిల్నా హై" (నేను లేడీ డాక్టరును కలవాలి), "యహాఁ దర్ద్ హై" (ఇక్కడ నొప్పి), "చార్ దిన్ సే హై" (నాలుగు రోజులుగా ఉంది). లింగం తప్పినా, ఒత్తు తప్పినా ఫరవాలేదు. తన బాధ తాను చెప్పుకుంది. ఎవరైనా నవ్వితే ఒక క్షణం నవ్వుతారు. చెప్పుకోలేని బాధ చాలా కాలం ఉంటుంది.

మీకు తెలుసా?

దక్షిణాదిలో హిందీ బోధన కోసం మహాత్మాగాంధీ చొరవతో 1918లో మద్రాసులో ఏర్పడిన సంస్థ దక్షిణ భారత హిందీ ప్రచార సభ. 1991 నుంచి 1996 వరకు ప్రధానమంత్రిగా ఉన్న పి.వి. నరసింహారావు విశ్వనాథ సత్యనారాయణ నవల "వేయిపడగలు"ను "సహస్రఫణ్" పేరుతో హిందీలోకి అనువదించారు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 8 కోట్ల 11 లక్షలు. మన రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో తెలుగు, హిందీలతో సహా 22 భాషలున్నాయి.

ముఖ్యాంశాలు

• ముందు మీ రోజుకు కావలసిన నలభై వాక్యాలు రాసుకోండి.
• తెలుగులో ఉన్న ఉర్దూ, సంస్కృత పదాలు, వాక్యం వరస మీ పెట్టుబడి.
• అర్థం మారిన మాటల దగ్గర, అంకెల దగ్గర, "కల్" దగ్గర ఆగండి.
• డబ్బు అంకెను తిరిగి చెప్పండి, లేదా రాయించుకోండి.
• రోజూ అరగంట. తప్పులతోనే మొదటి రోజు నుంచి మాట్లాడండి.

అభ్యాసం

1. మీరు వెళ్లాలనుకుంటున్న, లేదా ఇప్పుడున్న ఊరి భాష ఏది? ఆ భాషలో "దీన్ని ఏమంటారు?" అని ఎలా అడుగుతారో తెలిసినవారిని అడిగి రాయండి.
2. మీ ఇంట్లో, పని చోట ఉన్న పది వస్తువుల పేర్లు ఆ భాషలో తెలుసుకుని రాయండి.
3. మీ ఊరికి బతుకుతెరువు కోసం వచ్చిన ఇతర రాష్ట్రాల వారు ఒకరితో మాట్లాడండి. తెలుగులో వారికి ఏ మాట దగ్గర ఇబ్బంది కలిగిందో అడిగి ఐదు వాక్యాలు రాయండి. మీరు వారికి ఒక తెలుగు వాక్యం నేర్పండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు

1. దేశ్, ఖర్చ్, కిరాయా. 2. ముఝే రసీద్ చాహియే. 3. 250, 450, 175. 4. ఎల్లుండి. (చివర "మిలేగీ" ఉంది కనుక జరగబోయేది.)